తగ్గించడానికి ఏమీ లేని వీధి

గట్టురేవు పురపాలక సంఘానికి ఆ ఏడు ఉన్నట్టుండి భూగోళం మీద బెంగ పుట్టింది. అంతకుముందు ఏడు బెంగ పందుల మీద ఉండేది, దానికి ముందు ఫ్లెక్సీల మీద. ఈసారి మాత్రం కమిషనరు గారు విమానమెక్కి ఎక్కడో కొండల మీద జరిగిన సదస్సుకు వెళ్ళారు. అక్కడ ఏసీ హాల్లో చలికి శాలువా కప్పుకుని కూర్చుని, మనిషి తినే తిండి, ఎక్కే బండి, ఇంట్లో పెట్టుకునే ఏసీ అన్నీ కలిసి ఆకాశంలోకి ఎంత కర్బనం పంపుతున్నాయో విన్నారు. విని చలించిపోయారు. ఆ చలనంలోనే తిరుగు విమానమెక్కి, దిగేలోపు ఒక పథకం తయారు చేసేశారు.

పథకం పేరు 'వీధివారీ స్వచ్ఛంద కర్బన తగ్గింపు ఉద్యమం'. స్వచ్ఛందం కాబట్టి అందరూ తప్పనిసరిగా చేరాలన్నారు. అలవాట్లు మార్చుకుని ఏ వీధివాళ్ళు కర్బనం ఎక్కువ తగ్గిస్తారో ఆ వీధికి రోడ్లూ, కాలువలూ, దీపాలూ ముందు వస్తాయి. తగ్గించని వీధికి తర్వాత వస్తాయి. తర్వాత అంటే ఎప్పుడో పథకంలో ఎక్కడా లేదు.

ఈ సంగతేమీ తెలియని భావనారాయణ ఒకనాటి పొద్దున ఉతికిన చొక్కా వేసుకుని, సైకిలెక్కి, తమ వీధి కాలువ ఎంతవరకొచ్చిందో కనుక్కుందామని ఆఫీసుకు బయలుదేరాడు. అతను మగ్గాల వీధిలో నేతగాడు. వీధివాళ్ళంతా కలిసి అతన్ని పెద్దను చేశారు, ఎందుకంటే ఆఫీసుల్లో గంటల తరబడి నిలబడే ఓపిక ఆ వీధిలో అతనికొక్కడికే ఉంది.

మగ్గాల వీధి ఊరికి పల్లంలో ఉంది. దాని కింద మేదర వీధి, దాని కింద ఇంకేవో రెండు సందులు, ఆ తర్వాత ఏరు. ఊళ్ళో ఎక్కడ వాన పడినా నీళ్ళు ముందు మగ్గాల వీధిలోకే వచ్చి తీరిగ్గా కూర్చుంటాయి. మామూలు ఇళ్ళలోకి నీళ్ళొస్తే మంచాలెక్కి కూర్చోవచ్చు. కానీ ఇక్కడివన్నీ గుంట మగ్గాలు. ఇంట్లో నేలలోనే గొయ్యి తీసి, గట్టు మీద కూర్చుని, కాళ్ళు ఆ గోతిలోకి జార్చి తొక్కుతూ నేస్తారు. గడప దాటి నీళ్ళొచ్చాయంటే ముందు నిండేది ఆ గుంటే. గుంట నిండితే మగ్గం ఆగిపోతుంది. అదీ సరిగ్గా శ్రావణం ముందర, ఊళ్ళో ఆడవాళ్ళంతా కొత్త చీరల కోసం ఎదురుచూసే రోజుల్లో. కిందటేడు గుంటలో నీళ్ళు నిలిచి, ఆ చెమ్మకు భావనారాయణ మగ్గానికి నిలువుగా బిగించిన పోగుల పడుగంతా బూజు పట్టి పోయింది. ఈ ఏడు కూడా అదే జరిగితే మగ్గం పీకేసి ఏదో బట్టల కొట్లో బేళ్ళు మోసే పనికి పోవాల్సిందే. ఆ ఆలోచన వస్తే చాలు అతనికి అన్నం సయించేది కాదు.

కాలువ సంగతి అడిగితే ఇంజినీరింగు విభాగం వాళ్ళు కర్బన విభాగానికి పొమ్మన్నారు. అది నిన్నమొన్నటిదాకా జనన మరణాల విభాగం. అధికారి శేషావతారం గారు కూడా అదే కుర్చీలో అలాగే ఉన్నారు, బోర్డు ఒక్కటే మారింది.

"మగ్గాల వీధి కాలువ నిరుటి వరకు ప్రాధాన్యతా క్రమంలో ప్రథమ స్థానంలో ఉండేదండీ," అన్నారు శేషావతారం గారు, పోయినవాళ్ళ గురించి చెప్పే అలవాటైన గొంతుతో. "ప్రస్తుతం క్రమం మారింది. మీ వీధి ఎంత తగ్గించింది?"

"ఏందండీ తగ్గించేది?"

"ఉద్గారాలు. జీవనశైలి ద్వారా మీరు వెలువరించే కర్బనం. ఆఫీసర్స్ కాలనీవారిని చూడండి. ఇంటికి మూడేసి ఏసీలుండేవి, ఒకటి తీసేశారు. రెండేసి కార్లుండేవి, ఒకటి వదులుకున్నారు. ఎంత త్యాగం! వారికి కాలువ మంజూరు చేశాం."

"ఆ కాలనీ గుట్ట మీదుంది గదండీ. అక్కడ గుక్కెడు నీళ్ళు కూడా నిలవవు."

"నీళ్ళు నా పరిధిలోకి రావు. నాది కర్బనం."

భావనారాయణ చేతులు కట్టుకుని, తమ వీధి సంగతి ఉన్నదున్నట్టు చెప్పాడు. ఏసీలు లేవు. కార్లు లేవు. మగ్గానికి కరెంటు అక్కర్లేదు, కాళ్ళే కరెంటు. తిరగడానికి సైకిళ్ళు, తినడానికి పప్పూ పచ్చడీ, మాంసం ఆదివారాల్లో ఎప్పుడన్నా. ఇంత చెప్పాక ఆయన మెచ్చుకుంటారనుకున్నాడు.

శేషావతారం గారి ముఖంలో జాలి కనబడింది. "అంటే తగ్గించుకోవడానికి ఏమీ మిగుల్చుకోలేదన్నమాట. ప్రగతి శూన్యం."

"లేనిదాన్ని ఎట్టా తగ్గించేదండీ?"

"అది మీ వీధి యొక్క అంతర్గత వ్యవహారం. పూర్వమే ముందుచూపుతో నాలుగు ఏసీలు పెట్టుకుని ఉంటే ఈనాడు ఈ పరిస్థితి ఉత్పన్నమయ్యేది కాదు." ఆయన అటూ ఇటూ చూసి గొంతు తగ్గించారు. "మీరు మంచివారు గనక చెబుతున్నాను. మీ వీధికి ప్రాతిపదిక సర్వే చైత్రంలో. అప్పుడు ఎంతుందో కొలుస్తాం. తుది సర్వే వానలకు ముందు. అప్పుడు ఎంత తగ్గిందో కొలుస్తాం. మొదటిది ఎంత ఘనంగా ఉంటే రెండోది అంత శోభిస్తుంది. ఇంతకు మించి ఒక బాధ్యత గల అధికారిగా నేను చెప్పకూడదు."

ఆయన ఏం చెప్పారో భావనారాయణకి సగం దారిలో అర్థమైంది. ముందు లేనివి తెచ్చి పెట్టుకోవాలి, తర్వాత తీసేసి తగ్గించామనాలి.

ఇంటికొచ్చేసరికి భార్య నాంచారమ్మ రాట్నం ముందు కూర్చుని కండెలకి నూలు చుడుతోంది. సంగతంతా విని ఆమె రాట్నం ఆపలేదు.

"అంటే ఇన్నాళ్ళూ పొదుపుగా బతకటం మన తప్పన్నమాట," అంది.

"తప్పని కాదు. ప్రగతి లేదన్నారు."

"నీకెప్పుడూ లేదులే అది. మా నాన్న అప్పుడే అన్నాడు."

సాయంత్రం వీధి అంతా భావనారాయణ అరుగు మీద చేరింది. కర్బనం అంటే ఏమిటో, దాన్ని ఎక్కడ కొనుక్కోవాలో ఎవరికీ తెలియలేదు. అప్పుడు నాంచారమ్మ తమ్ముడు పున్నారావు లేచాడు. పున్నారావు నేత మానేసి చాలా కాలమైంది. పెళ్ళిళ్ళకి షామియానాలు, కుర్చీలు, జనరేటర్లు అద్దెకిస్తుంటాడు.

"బావా, కాలనీవాళ్ళు త్యాగం చేసిన ఏసీలన్నీ ఎక్కడున్నాయనుకున్నావ్? నా గోడౌన్లోనే. కార్లు కూడా నాకే అమ్మారు. జనరేటర్లు నాకుండనే ఉన్నయ్. ఇప్పుడు మూఢం గదా, పెళ్ళిళ్ళు లేవు, అన్నీ ఖాళీగా పడున్నయ్. ఊరికే వాడుకోండి. అక్క మగ్గం మునిగితే నాకు మాత్రం బాగుంటదా?"

అలా గుట్ట మీద వాళ్ళు దేశం కోసం వదులుకున్నవన్నీ పల్లంలో వాళ్ళు కాలువ కోసం పట్టుకున్నారు.

కర్బనం వదలడం చూసినంత తేలిక కాదని మగ్గాల వీధికి మర్నాడే తెలిసింది. మొదటి ఏసీని భావనారాయణ మగ్గం గదిలోనే బిగించారు. అది కాసేపు తిరిగిందో లేదో, పోగులు పుటుక్కు పుటుక్కుమని తెగడం మొదలుపెట్టాయి. నూలుకి చెమ్మ కావాలి, ఏసీ ఉన్న చెమ్మంతా లాగేస్తుంది. తెగిన పోగులు అతుక్కుంటూ నాంచారమ్మ తమ్ముణ్ణి తిట్టిన తిట్టు తిట్టకుండా తిట్టింది. ఏసీలన్నీ మగ్గాల గదుల్లోంచి బయటికొచ్చాయి. వంటింట్లో పెడితే పొయ్యి ఆరిపోతోంది, అరుగు మీద పెడితే చల్లదనం ఎటో పోతోంది. చివరికి పక్కింటి రత్తమ్మ గేదెల కొట్టానికి తడికలు దట్టంగా కట్టి, వాటిలో మంచివన్నీ అక్కడే బిగించారు. రత్తమ్మ గేదె మొదటిరోజు బెదిరింది. రెండోరోజు నుంచి మేతకి బయటికి రమ్మంటే రాలేదు.

కార్లతో ఇంకో చిక్కొచ్చింది. నడపడం ఎవరికీ రాదు. పున్నారావు పొద్దున్నే వచ్చి ఒక్కొక్కటీ స్టార్ట్ చేసి వదిలేసేవాడు. అవి ఉన్నచోటే గుర్రుగుర్రుమంటూ సాయంత్రందాకా ప్రయాణించేవి. కాకపోతే ఆ వీధి కార్ల కోసం పుట్టింది కాదు. పొద్దున్నే మగ్గాల వీధిలో వీధి పొడవునా పడుగులు పరుస్తారు. రెండు చివరలా గుంజలకు కట్టి, గంజి పట్టించి, కుంచెలతో దువ్వి, పోగు పోగూ విడిపోయి ఆరేదాకా కాపలా కాస్తారు. ఆ వేళలో ఆ వీధిలోకి కోడిని కూడా రానివ్వరు. అందుకని రోజూ తెల్లారేసరికి మగవాళ్ళంతా కలిసి కార్లను చేతులతో సందుల్లోకి తోసేవాళ్ళు, పడుగులు ఆరాక మళ్ళీ వీధిలోకి తోసుకొచ్చేవాళ్ళు. ఆ తోయడంలో మాత్రం ఏ ఉద్గారమూ లేదు, ఆయాసం తప్ప.

భావనారాయణకి ఈ గోలంతా ఒంటికి పడలేదు. జనరేటర్ల రొదలో మగ్గం చప్పుడు తనకే వినబడేది కాదు. పొగకి కళ్ళు మండేవి. అయినా గుంట వంక చూసుకున్నప్పుడల్లా, 'కాస్త ఓర్చుకో, కాలవొస్తది,' అని దానికే చెప్పేవాడు.

చైత్రంలో ప్రాతిపదిక సర్వే జరిగింది. శేషావతారం గారు మెడలో ఒక యంత్రం వేలాడేసుకుని వీధిలోకి రెండడుగులు వేశారో లేదో, అది కుయ్యోమని మొత్తుకుంది. ఆయన ఆగి కళ్ళు తుడుచుకున్నారు. ఆనందమో డీజిలు పొగో చెప్పలేం.

"ఈ వీధిలో ఇంతటి తగ్గింపు సామర్థ్యం నిగూఢంగా దాగి ఉందని నేను ఊహించలేదు," అన్నారు.

తర్వాత ఇంటింటికీ తిరిగి జీవనశైలి గురించి ప్రశ్నలడిగారు. రత్తమ్మ ఇంటి దగ్గర, "విమాన ప్రయాణాలు చేస్తుంటారా?" అని అడిగారు.

"ఎక్కలేదు నాయనా. రోజూ మా ఇంటి మీదుగా పోతది, చూస్తా."

"వీక్షణ," అని రాసుకుంటూ ఆయన ముందుకు కదిలి కొట్టం తడిక తీశారు. చల్లటి గాలి వచ్చి మొహాన కొట్టింది. లోపల గేదె కళ్ళు మూసుకుని నెమరేస్తోంది.

"గేదెకా!" అన్నారు ఆయన. "జిల్లాలోనే ప్రప్రథమం!"

కమిషనరు గారికి కబురెళ్ళింది. ఆయన కారులో వచ్చి, జనరేటరు మీద మైకు పెట్టించి ప్రసంగించారు. నిన్నటిదాకా వెనకబడిన మగ్గాల వీధి ఉద్గారాల్లో ఆఫీసర్స్ కాలనీని అధిగమించడం సామాజిక న్యాయానికి నిలువెత్తు నిదర్శనమన్నారు. వీధి అంతా చప్పట్లు కొట్టింది. భావనారాయణ కూడా కొట్టాడు, కాలువ కళ్ళ ముందు కనబడుతుంటే కొట్టక ఏం చేస్తాడు.

మర్నాడే సామాన్లన్నీ పున్నారావు గోడౌనుకి వెళ్ళిపోయాయి. కార్లు తోసుకుంటూ తీసుకుపోయారు. ఏసీలు విప్పుతుంటే రత్తమ్మ గేదె అడ్డంగా నిలబడింది. తర్వాత వారంపాటు పాలు సరిగా ఇవ్వలేదు. పొగ విడిపోయింది. వీధి ఆ కొస నుంచి ఈ కొస దాకా టకటక మంటూ మగ్గాల చప్పుడు మళ్ళీ వినబడింది. భావనారాయణ గుంటలో కాళ్ళు పెట్టుకుని చాలా రోజుల తర్వాత కూనిరాగం తీశాడు. అతనికి నిజంగా సంతోషమేసింది.

ఆ సంతోషాన్ని కమిషనరు గారు ఉండనివ్వలేదు. ఘనమైన ఉద్గారం నుంచి ఒక్కరోజులో సున్నాకి దిగిన వీధి ఉందంటే ఎవరు ఊరుకుంటారు? పేపర్లో వేయించారు. 'ఆదర్శ వీధి' అని వీధి మొదట్లో స్వాగత ద్వారం కట్టించారు. ఇక చూడండి. పక్క ఊళ్ళ కౌన్సిలర్లు కార్లలో వచ్చారు. ఆ పక్క జిల్లాల అధికారులు బస్సుల్లో వచ్చారు. వచ్చినవాళ్ళు ఎండకి తాళలేక బండ్లలో ఏసీలు వేసుకుని కూర్చుని, అద్దాల్లోంచి నేతగాళ్ళ నిరాడంబర జీవితాన్ని అధ్యయనం చేశారు. మధ్యాహ్నం బిర్యానీ పొట్లాలు విప్పారు. వాళ్ళకి షామియానాలూ, జనరేటర్లూ, పెద్ద పెద్ద కూలర్లూ సరఫరా చేసింది పున్నారావే. మూఢంలో కూడా ఊపిరి సలపని వ్యాపారం చేసినవాడు ఆ చుట్టుపక్కల అతనొక్కడే. ఆ బండ్ల మధ్య పడుగు పరవడానికి జానెడు చోటు లేకపోయింది. పరవని పడుగు మగ్గమెక్కదు. మగ్గాలు ఒకటొకటే ఆగాయి.

ఆషాఢం వస్తుందనగా శేషావతారం గారు తుది సర్వేకొచ్చారు. ఆ వేళకి వీధిలో మూడు బస్సులున్నాయి. ఈసారి యంత్రం కుయ్యోమనడంతో ఆగకుండా కాసేపు వణికి, ఆరిపోయింది.

"మీ వీధి తగ్గలేదండీ, పెరిగింది," అన్నారు ఆయన బాధగా. "కాలువ ప్రతిపాదనను ఉపసంహరించుకోక తప్పదు."

"అయ్యా, ఆ బండ్లు మీవాళ్ళవే గదండీ! మేం రమ్మన్నామా?"

"వీధిలో వెలువడినది వీధి ఖాతాలోకే వెళుతుంది. అయినా మీరు ఆదర్శంగా ఉండకపోతే వాళ్ళెందుకొస్తారు? ఆ మేరకు బాధ్యత మీదే."

ఆయన వెళ్ళబోతూ, వచ్చే గురువారం రాజధాని నుంచి రాష్ట్ర అధ్యయన సంఘం వస్తోందని, అధ్యక్షుల వారు స్వయంగా విచ్చేస్తున్నారని, వీధిని శుభ్రంగా ఉంచాలని చెప్పి వెళ్ళారు.

ఇంట్లో నాంచారమ్మ పెట్టిన అన్నం భావనారాయణ కెలుకుతూ కూర్చున్నాడు. "బట్టల కొట్టుకి పోక తప్పదేమోనే," అన్నాడు.

"పోదువుగానిలే. ముందు ఆ ఆగిన పడుగుల సంగతి చూడు. గురువారం ఎవరొస్తే మనకేంది? మన వీధిలో మన పని మనం చేసుకోటానికి ఎవరి మంజూరు కావాలయ్యా?"

ఆ మాటకి అతనికి రోషం పొడుచుకొచ్చింది. పళ్ళెంలోది మెతుకు మిగల్చకుండా తినేసి, ఇల్లిల్లూ తిరిగి చెప్పొచ్చాడు.

గురువారం పొద్దున మగ్గాల వీధిలో ఆ కొస నుంచి ఈ కొసకి పడుగులు పరిచేశారు. ఆకుపచ్చ, పసుపు, చిలకపచ్చ, వంకాయ రంగు, వీధి అడుగు కనబడకుండా నూలే. మబ్బు పట్టి ఉంది గనక గంజి ఆరడం ఆలస్యమైంది. ఆడా మగా కుంచెలు పట్టుకుని దువ్వుతుండగా స్వాగత ద్వారం దగ్గర కార్ల వరస వచ్చి ఆగింది. కమిషనరు గారు దిగి పరుగున వచ్చారు.

"భావనారాయణ గారూ, ఏమిటీ అవరోధం? తక్షణం తొలగించండి! అధ్యక్షుల వారు ఉన్నారు!"

"గంజి తడి మీదుందండీ. ఇప్పుడు కదిపితే పోగులన్నీ అతుక్కుపోయి పడుగంతా పాడైపోద్ది. ఆరేదాకా పెళ్ళి ఊరేగింపయినా ఆగుద్ది ఈ వీధిలో. మా తాతల నాటి కట్టడి." అతని గొంతు వినయంగానే ఉంది. కుంచె మాత్రం ఆగలేదు.

కమిషనరు గారు ఏమనేవారో గాని, అధ్యక్షుల వారే కారు దిగారు. భారీ మనిషి, సూటులో ఉన్నారు. రంగుల వంక చూసి, "బాగుందే! నడుద్దాం. నడకంటే సున్నా ఉద్గారం," అన్నారు. ఆయన నడిచారు గనక అందరూ నడిచారు. కారు దిగి నడిచిన అనుభవం అందులో చాలామందికి కొత్త. పడుగుల పక్కన గోడలకి ఒత్తుకుంటూ, పంచెలూ ప్యాంట్లూ పైకి పట్టుకుంటూ భావనారాయణ ఇంటిదాకా వచ్చేసరికి పడుగులు ఆరాయి. ఉరుము ఉరిమింది. వీధివాళ్ళు చకచకా పడుగులు చుట్టి ఇళ్ళలో పెట్టుకున్నారు. ఆఖరి పడుగు లోపలికి వెళ్ళడం, ఆకాశం పగిలినట్టు వాన దిగడం ఒక్కసారే జరిగాయి.

అధికారులంతా భావనారాయణ ఇంట్లోకి తోసుకొచ్చారు. కార్లు రావడానికి వీల్లేదు, స్వాగత ద్వారం దగ్గర అప్పటికే చక్రాలు మునిగాయి. ఊరి నీళ్ళన్నీ ఎప్పటిలాగే మగ్గాల వీధికి వచ్చాయి. ఆఫీసర్స్ కాలనీ కొత్త కాలువలోంచి దిగిన నీళ్ళు ఈసారి ఇంకా హుషారుగా వచ్చాయి. కాసేపట్లో గడప మునిగింది. లోపల నేలా, గుంటా కలిసిపోయి అంతా ఒకటే బురద నీరయ్యింది.

"వెనక్కి రాకండయ్యా, ఆడ గుంట!" అని నాంచారమ్మ అరిచింది.

అప్పటికే అధ్యక్షుల వారు మైకు లేకపోయినా ఏదో చెప్పబోతూ ఒకడుగు వెనక్కేశారు. నడుందాకా మగ్గం గుంటలోకి దిగిపోయారు. సూటు చుట్టూ నీళ్ళు గిర్రున తిరిగాయి. కండెలు రెండు తేలుతూ వచ్చి ఆయన టైని తాకాయి.

"ఏమిటిది?" అన్నారు ఆయన.

"ఇంకుడు గుంత సార్!" అన్నారు కమిషనరు గారు తడుముకోకుండా. "ప్రతి ఇంటా ఒకటి తవ్వించాం. జల సంరక్షణలో భాగంగా..."

"కాదండీ," అన్నాడు భావనారాయణ. అతనికి ఇక భయం లేదు, కడుపు మండిపోతోంది. "అది నా మగ్గం. మీరు నిలబడ్డ చోట నేను కాళ్ళు పెట్టుకుని నేస్తాను. ఏటా ఇట్టాగే మునుగుద్ది. మునిగాక శ్రావణానికి చీర ఉండదు, మాకు తిండి ఉండదు."

"కాలువ లేదా?"

"ఇయ్యలేదండీ."

"ఎందుకు?"

"మేం ఏమీ తగ్గించలేదని."

"ఏం తగ్గించలేదు?"

"తగ్గించటానికి మా దగ్గర ఏమీ లేదండీ."

అధ్యక్షుల వారు కమిషనరు వంక చూశారు. కమిషనరు గారు శేషావతారం గారి వంక చూశారు. శేషావతారం గారు చూడడానికి ఇంకెవరూ లేక కప్పు వంక చూశారు.

"ముందు నన్ను పైకి లాగండి," అన్నారు అధ్యక్షుల వారు. "రేపటికల్లా ఇక్కడ కాలువ పని మొదలవ్వాలి."

"కానీ సార్, నిబంధనల ప్రకారం..." అని కమిషనరు గారు నసిగారు. అప్పుడు శేషావతారం గారి ముఖం వెలిగింది. జనన మరణాల విభాగంలో అంతకాలం ఊరికే పనిచెయ్యలేదు ఆయన.

"సార్, నేతగాళ్ళ మగ్గాలు మునగడం సాధారణ అసౌకర్యం కిందికి వస్తుంది. అధ్యక్షుల వారు మునగడం విపత్తు కిందికి వస్తుంది. విపత్తుకి కర్బన నిబంధన వర్తించదు!"

పున్నారావూ, భావనారాయణా, ఇంకో నలుగురూ కలిసి విపత్తును పైకి లాగారు. నాంచారమ్మ ఆయనకి పొడి పంచె ఇచ్చి, వేడి వేడి టీ ఇచ్చింది.

విపత్తు పనులు ఎంత త్వరగా జరుగుతాయో మగ్గాల వీధి అప్పుడే చూసింది. పొక్లెయిన్లు, సిమెంటు లారీలు, కాంక్రీటు కలిపే యంత్రాలు పగలనకా రాత్రనకా రొద పెట్టి, శ్రావణానికి ముందే కాలువ కట్టేశాయి. పడుగుల వేళకి మాత్రం ఆపేవాళ్ళు, నాంచారమ్మ వాళ్ళకి ఎదురుగా నిలబడేది గనక. ఆ శ్రావణంలో వానలు మామూలుగానే పడ్డాయి. భావనారాయణ గుంట మాత్రం ఎండుగా ఉంది. పొద్దున లేవగానే అందులో చెయ్యి పెట్టి చూసుకుని, పొడి మన్ను వేళ్ళకంటుకుంటే పసివాడిలా నవ్వుకునేవాడు. చీరలన్నీ పండక్కి ముందే అమ్ముడుపోయాయి.

మళ్ళీ ఏడు వేసవిలో శేషావతారం గారు పూలదండతో వచ్చారు. భావనారాయణ మగ్గం మీదున్నాడు.

"అభినందనలు! కర్బన తగ్గింపులో ఈ సంవత్సరం మగ్గాల వీధిదే ప్రథమ స్థానం!"

"మేం ఏం చేశామండీ?"

"ఏమీ చెయ్యలేదు, అదే మీ ఘనత. నిరుడు కాలువ తవ్విన యంత్రాల ఉద్గారాలు మీ వీధి ఖాతాలో నమోదయ్యాయి. ఈ ఏడు మీరు కాలువ తవ్వలేదు. అమోఘమైన తగ్గింపు! దీనికి బహుమానంగా కమిషనరు గారు మీ వీధికి ఇంకొక కాలువ మంజూరు చేశారు."

భావనారాయణ మగ్గం ఆపాడు. "ఇంకోటి మాకెందుకండీ? ఉన్నది చాలు."

"వద్దంటే వచ్చే ఏడు తగ్గించుకోవడానికి మీ వద్ద మళ్ళీ ఏమీ ఉండదు. ప్రగతి శూన్యం. ఆలోచించుకోండి."

రాట్నం దగ్గర నుంచి నాంచారమ్మ తలెత్తింది. "ఏమయ్యా, మన కాలవ నీళ్ళు ఇప్పుడు పోయి మేదర వీధిలో పడుతున్నయ్ గదా. నిరుటి వానలకి వాళ్ళ బుట్టలన్నీ కొట్టుకుపోయినయ్."

మేదర వీధివాళ్ళు వెదురు చీల్చుకుని బుట్టలల్లుకునేవాళ్ళు. వాళ్ళ దగ్గర కూడా తగ్గించడానికి ఏమీ లేదు. భావనారాయణ భార్య వంక చూశాడు. ఆమె అప్పటికే మళ్ళీ కండె చుట్టుకుంటోంది. అతనికి నవ్వొచ్చింది, ఆపుకున్నాడు.

"సరేనండీ, తీసుకుంటాం. కాకపోతే మా రెండో కాలవని మా మొదటి కాలవ ఆగినకాడ మొదలుపెట్టండి. మేదర వీధి మధ్యగా పోనియ్యండి. లెక్కకి మాత్రం అది మా కాలవే."

శేషావతారం గారు ఆలోచించారు. ఏ నిబంధనా అడ్డం రాలేదు. "ఉద్గారం మీ ఖాతాలోనే పడుతుంది మరి."

"పడనియ్యండి. ఆపై ఏడు తవ్వటం మానేస్తాం. అప్పుడు మీరు మూడోది ఇద్దురుగాని. అది మేదర వీధి చివర మొదలుపెడదాం."

"అలా ఎంతదాకా?"

"ఏటి దాకా అండీ," అని భావనారాయణ ఎండిన గుంటలో కాలు తొక్కి, పోగుల మధ్య నాడె పరుగెత్తేలా తాడు లాగాడు.